ట్యాంకు ముందర చెప్పులు

తార్నాక చౌరస్తాలో ప్రొఫెసర్ సుందరరావును లారీ గుద్దింది. ఎడమ పక్కన నడుస్తున్న మనిషిని, కుడి పక్క నుంచి వచ్చి మరీ గుద్దింది. పేపర్లు ప్రమాదమని రాశాయి. రాయడానికి ఏం పోయింది?

"హత్య," అన్నాడు చీఫ్ సూర్యనారాయణ. కాచిగూడ స్టేషన్ ఎదుట లాడ్జి గది. ఎదురుగా ఏజెంట్ సామేలు. చీఫ్ మంచం మీద ఒక స్టీల్ రింగు పెట్టాడు.

"సముద్రం అడుగున రెండు పైపుల్ని వెల్డింగ్ లేకుండా కలిపే కప్లింగ్ తయారుచేశాడు సుందరరావు. మన చమురు పైపులైన్‌కి. ఆరు వందల అడుగుల లోతు. దాని ప్రాణం ఈ రింగులో ఉంది. చచ్చే ముందు రోజు నాకు పోస్టులో పంపాడు. కప్లింగ్‌లో ఉన్న రింగును ఎవరో మార్చేశారట. అసలుది ఇదే. అక్కడున్న దాని మీద వెంట్రుకంత రంపపు కోత."

"టెస్టు ఎప్పుడు సార్?"

"వచ్చే సోమవారం పదింటికి, యూనివర్సిటీ ల్యాబ్‌లో. ఢిల్లీ కమిటీ ముందు. లీకయితే ఆర్డరు విదేశీ ముఠా కంపెనీకి పోతుంది. ఫిట్టర్‌గా చేరు. చప్పుడు లేకుండా అసలు రింగు పెట్టు. లోపల మన మనిషి డాక్టర్ విశాలాక్షి ఉంది. తాళాలు ఆమె దగ్గరే."

రేడియో ఉన్న వాచీ ఒకటి ఇచ్చాడు. ఇంపోర్టెడ్.

ల్యాబ్‌లో టెస్ట్ ట్యాంకు లారీ అంత పొడుగు ఇనుప పీపా. మనిషి నిలబడేంత ఎత్తు. గుండ్రటి తలుపు, దానికి చక్రం. లోపల కప్లింగ్ బిగించి, నీళ్ళు నింపి, పంపుతో సముద్రమంత ప్రెషర్ ఎక్కిస్తారు. పంపు తిప్పేది గట్టయ్య. మొదటి రోజే సామేలు మీద గయ్‌మన్నాడు.

"చెప్పులేసుకొని లోపటికి పోతవేంది బిడ్డా? గీడ ఇడువు, తలుపు ముందర. చెప్పులున్నంతసేపు నేను పంపు తిప్ప. ఫిట్టరోళ్ళ ఖాయిదా ఇది."

"గోడకు బోర్డు రాసి పెట్టొచ్చు కదా?"

"బోర్డులు చదివెటోళ్ళు ట్యాంకులకు దిగుతరా?"

ఆ సాయంత్రం బస్టాపులో నల్లకళ్ళద్దాలు, సిల్కు చీర, ఎత్తు మడమల చెప్పులు వచ్చి పక్కన నిలబడ్డాయి. సెంటు వాసన.

"ఈ బస్సు రామంతాపూర్ పోతుందా?"

"లాలాపేట్ దాకానే," అన్నాడు సామేలు. కోడ్ కలిసింది.

"సోమవారం ఎనిమిదిన్నరకు తలుపు తీస్తాను," అంది విశాలాక్షి.

సోమవారం తీసింది. సామేలు చెప్పులు విడిచి, స్పానరూ టార్చీ తీసుకుని లోపలికి వంగాడు. కప్లింగ్ దగ్గరికి చేరేసరికి వెనక ఇనుము ఇనుముకు తగిలింది. చక్రం తిరిగింది.

పైకప్పులో గాలి పోయే సన్నటి గొట్టం ఉంది. అందులోంచి ఆమె గొంతు దిగింది.

"సారీ సామేలు. ఈ యూనివర్సిటీ నాకు గోల్డ్ మెడల్ ఇచ్చింది, ప్రొఫెసర్ కుర్చీ సుందరరావుకిచ్చింది. ఆ విదేశీ కంపెనీ వాళ్ళయితే అడక్కుండానే కుర్చీ ఇస్తామన్నారు. కప్లింగ్ లీకు, లోపల శవం. ఇక ఈ దేశంలో ఎవరూ దీని పేరెత్తరు."

మోటారు మొదలైంది. పాదాల కింద నీళ్ళు. వాచీ బటన్ నొక్కాడు. అంత ఇనుములోంచి ఏ రేడియో పలుకుతుంది? తలుపు తన్నాడు. అరిచాడు. మోటారు అతని అరుపు మింగేసింది.

నీళ్ళు మోకాళ్ళకొచ్చాయి. చేసేదేం లేక వచ్చిన పని చేశాడు. టార్చీ పళ్ళ మధ్య పెట్టుకుని ఆరు బోల్టులు విప్పాడు. కోత రింగు తీశాడు, అసలుది కూర్చోబెట్టాడు. చివరి బోల్టు నీళ్ళలో తడుముకుంటూ బిగించాడు. నీళ్ళు గడ్డం దాటాయి. ముక్కు పైకెత్తి గొట్టానికి ఆనించాడు. నాలుగు వేళ్ళ గాలి మిగిలింది.

తొమ్మిదింటికి గట్టయ్య వచ్చాడు.

"నింపడం అయిపోవచ్చింది. గొట్టం మూసి ప్రెషర్ ఎక్కించు," అంది విశాలాక్షి.

గట్టయ్య పంపు దాకా వెళ్ళి ఆగాడు. "గా చెప్పులెవరియి మేడం?"

మూడేళ్ళుగా ఆ తలుపు ముందు ఫిట్టర్లు విడిచే చెప్పుల పక్క నుంచే నడుస్తోంది ఆమె. ఒక్కనాడూ కిందికి చూడలేదు.

"ఎవరివో. నీ పని నువ్వు చెయ్."

"ఎవరియైతేంది. కాళ్ళు లేకుండ నడిచొచ్చినయా?" గట్టయ్య మోటారు ఆపేశాడు.

హ్యాండ్‌బ్యాగ్‌లోంచి చిన్న పిస్తోలు బయటికొచ్చింది. "పంపు తిప్పు."

గట్టయ్య ఆమె నిలబడిన చోటు చూశాడు. సరిగ్గా డ్రెయిన్ గొట్టం మూతి ముందు. పనోడెవడూ అక్కడ నిలబడడు.

"తిప్పుతున్న తల్లీ," అని డ్రెయిన్ వాల్వు తిప్పాడు.

ట్యాంకెడు నీళ్ళు ఆమె మోకాళ్ళకు కొట్టాయి. ఎత్తు మడమలు పాచి పట్టిన సిమెంటు మీద ఎంత సేపు నిలుస్తాయి? వెల్లకిలా పడింది. పిస్తోలు కాలవలోకి పోయింది. గట్టయ్య చక్రం తిప్పి తలుపు లాగాడు. సామేలు చేపలా బయటికి జారాడు.

"ఎన్నిసార్లు చెప్పాలె, ఒంటరిగ దిగొద్దని?" అన్నాడు గట్టయ్య, ఆమె చేతులు తువ్వాలతో కడుతూ.

పదింటికి కమిటీ వచ్చింది. మళ్ళీ నీళ్ళు నింపారు. గట్టయ్య తలుపు ముందు ఒకసారి చూసుకుని పంపు తిప్పాడు. గేజి ముల్లు ఆరు వందల అడుగుల లోతు దాటి గంటసేపు నిలబడింది. చుక్క కారలేదు.

ఏజెంటు ప్రాణం కాపాడిన పరికరం వివరాలు రాయమని హెడ్డాఫీసు ఫారం పంపింది. సామేలు రాశాడు: తోలు చెప్పులు, ఒక జత.

వారానికి ఫారం తిరిగొచ్చింది. ఎర్ర సిరాతో ఒకే ప్రశ్న: ఏ దేశం నుంచి దిగుమతి?