ముస్కాన్ గీయని గుండ్రం

ముస్కాన్ చేతిలోని అయస్కాంతం టప్పున కింద పడింది.

గబుక్కున దాన్ని తీసుకుని చుట్టూ చూసింది. ఎవరూ గమనించలేదు. తను అబ్బా అని పిలిచే నాన్న జిలాన్, ఒక పాత తెల్ల వ్యాను ముందు వైపు వంగి ఇంజను చూస్తున్నాడు. కృష్ణమ్మ ఆంటీ ఆయన పక్కనే నిలబడి కొంగు చివర నలుపుతోంది. ఆ వ్యానును కొనాలని ఆమెకు ఎంత ఆశో, ఆ కొంగును చూస్తేనే తెలుస్తుంది.

మదనపల్లెలో జిలాన్‌ది టింకరింగ్ షాపు. సొట్టలు పడ్డ బండ్లను సరిచేయడం, తుప్పు పట్టిన చోట కొత్త రేకు అతకడం ఆయన పని. చవగ్గా వస్తోందని పాత బండి కొనాలనుకునే వాళ్లు ముందు దాన్ని ఇక్కడికే తెస్తారు. "అన్నా, ఇది బాగు చేసుకునేంత బండేనా?" అని అడుగుతారు.

పైకి చూస్తే తెలియదు మరి! తుప్పు తిన్న చోట పుట్టీ మెత్తి, మీద రంగు కొట్టేస్తే ఎంత ముసలి బండైనా పెళ్లికూతురిలా మెరిసిపోతుంది. కానీ అయస్కాంతం ముందు ఆ వేషాలు సాగవు. అది రేకును పట్టుకుంటుంది, పుట్టీని పట్టుకోదు. బండి అంతటా దాన్ని ఆనిస్తూ పోవాలి. ఎక్కడ జారితే అక్కడ సుద్దముక్కతో గుండ్రం గీయాలి. సెలవు రోజుల్లో ఆ పని ముస్కాన్‌ది. సీట్ల కింద ఇరుకు సందుల్లోకి ఆమె చెయ్యి దూరినట్టు నాన్న చెయ్యి దూరదు.

ఇప్పటికి తలుపుల మీద రెండు గుండ్రాలు గీసింది. వాటితో పెద్ద చిక్కు లేదు. ఇప్పుడు అయస్కాంతం జారింది మాత్రం వ్యాను లోపల, నేల మీద. రబ్బరు మ్యాట్ ఎత్తి ఇంకోచోట ఆనించింది. అక్కడా జారింది. మ్యాట్ కింద రేకు కంటే పుట్టీయే ఎక్కువగా ఉంది.

గీయాలి. కానీ గీస్తే నాన్న ఈ వ్యాను వద్దంటాడు. వద్దంటే మునీశ్వరి సంగతేమిటి?

మునీశ్వరి కృష్ణమ్మ ఆంటీ కూతురు. ముస్కాన్ క్లాసే, ఒకే బెంచీ కూడా. రోజూ చీకటితోనే లేచి, అమ్మతో కలిసి టిఫిన్ల తోపుడు బండిని బస్టాండు దాకా తోస్తుంది. తర్వాత బడికొచ్చి లెక్కల పీరియడ్‌లో తూగుతుంది. మొన్న టీచర్ లేపి నిలబెడితే క్లాసంతా నవ్వింది. ముస్కాన్‌కు మాత్రం ఏడుపొచ్చింది. వ్యాను ఉంటే తోసే బాధే ఉండదు. పక్క ఊరు అంగళ్లులోని కాలేజీ దాకా ఇడ్లీలు తీసుకుపోవచ్చు.

ముస్కాన్ మ్యాట్‌ను మళ్లీ పరిచేసింది.

"అయిందా బేటా?" అని జిలాన్ అడిగాడు.

"అయింది అబ్బా. రెండే ఉండాయి."

జిలాన్ చేతులు తుడుచుకున్నాడు. "ఇంజను బాగుండాది కృష్ణమ్మా. తలుపులకు రేకు అతికితే సాలు. తుప్పు బండే గానీ, బాగు చేసుకునేదానికి పనికొస్తాది."

"నువ్వు సెప్తే సరేనన్నా!" కృష్ణమ్మ ముఖం విప్పారింది. "సాయంత్రం బండి అమ్మే ఆయప్ప వస్తాడు. తీసుకుంటానని మాటిచ్చేస్తా."

అంతలో మునీశ్వరి పరుగెత్తుకుంటూ వచ్చి వ్యానులోకి ఎక్కింది.

"ముస్కాన్, సూడు సూడు! ఎనక సీట్లు తీసేస్తాం గదా. సాంబారు గిన్నె ఆడ పెడతాం. ఇడ్లీ పాత్ర దాని పక్కన. నేను ఈడ కూసుంటా!" అంటూ సరిగ్గా ఆ మ్యాట్ మీదే చతికిలబడింది. "అంగళ్లు వచ్చేదాకా నన్ను ఎవురూ లేపగూడదు. బాగా నిద్రపోతా!"

ఆమె కాళ్లు ఆడించింది. మ్యాట్ కొద్దిగా కుంగింది.

"దిగు!" అని ముస్కాన్ అరిచింది.

"యాల? ఏమైంది?"

"దిగు మునీ!" చెయ్యి పట్టుకుని బయటికి లాగేసింది. మ్యాట్ తీసి పక్కన పారేసింది. సుద్దముక్కతో పళ్లెమంత గుండ్రం గీసింది. దాని పక్కనే ఇంకొకటి గీసింది.

"అబ్బా, ఈడ కూడా ఉండాది. నేను ముందే సూసినా. గీయలేదు."

జిలాన్ వచ్చి స్క్రూడ్రైవర్ తీసి గుండ్రం మధ్యలో నొక్కాడు. అది పెద్దగా బలం పెట్టకుండానే దిగిపోయింది. బయటికి లాగితే ఆ రంధ్రంలోంచి కింద మట్టి కనిపించింది.

"నా మాట ఎనక్కి తీసుకుంటాండా కృష్ణమ్మా," అన్నాడు జిలాన్ మెల్లగా. "కిందంతా తుప్పు తినేసిండాది. ఇది బాగు చేసే బండి కాదు. వద్దు."

కృష్ణమ్మ షాపు మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆమె ముఖం చూడలేక ముస్కాన్ తల దించుకుంది. కళ్లలోంచి నీళ్లు బొటబొటా కారాయి.

"మునీశ్వరి తోపుడు బండి తోయగూడదని... అందుకే సెప్పలేదాంటీ."

కృష్ణమ్మ ఆమెను దగ్గరికి లాక్కుని కొంగుతో ముఖం తుడిచింది. "నా బిడ్డ కోసరమా? పిచ్చిపాపా! బండి తోస్తే నిద్రొస్తాది, అంతే గదా. రోడ్డు మీద పోతాంటే ఆ రేకు ఊడిపోతే, నా బిడ్డ నాకు మళ్లా యాడ దొరుకుతాది?"

ముస్కాన్ లాగిన చోట మునీశ్వరి చెయ్యి రుద్దుకుంటూ ఆ రంధ్రం వైపే చూస్తూ నిలబడింది.

సాయంత్రం వ్యాను వెళ్లిపోయింది. జిలాన్ ముస్కాన్‌ను తిట్టలేదు, కొట్టలేదు. "నీ గుండ్రాలు సూసే నేను మాట సెప్తా బేటా," అన్నాడు, అంతే. రెండు దెబ్బలు వేసినా అంత బాధ ఉండేది కాదు. ఆ రాత్రి ముస్కాన్ సరిగ్గా అన్నం తినలేదు.

మరుసటి ఆదివారం పుంగనూరులో ఇంకో పాత వ్యాను ఉందని తెలిసింది. నలుగురూ బస్సెక్కి వెళ్లారు. అక్కడక్కడా తుప్పున్నా, నీలం రంగులో ముద్దుగా ఉంది వ్యాను. చూడగానే ముస్కాన్‌కు నచ్చేసింది. మునీశ్వరికైతే చెప్పనే అక్కర్లేదు.

ముస్కాన్ తలుపులు చూసింది. మ్యాట్‌లన్నీ తీసి నేల చూసింది. అయస్కాంతం ఎక్కడికక్కడ అతుక్కుంటోంది. హమ్మయ్య అనుకుంటూ వెనక మూలకు చెయ్యి పోనిచ్చింది. అక్కడ జారింది.

ముస్కాన్ తలెత్తింది. మునీశ్వరి కిటికీకి ముఖం ఆనించి రెప్ప వేయకుండా చూస్తోంది. కృష్ణమ్మ ఆంటీ మళ్లీ కొంగు నలుపుతోంది.

ముస్కాన్ గుండ్రం గీసింది. దూరం నుంచి కూడా కనబడేలా దాని మీదే మళ్లీ ఒత్తి గీసింది. తర్వాత నేల మీద పడుకుని వ్యాను కిందికి దూరి అక్కడా చూసి వచ్చింది. జుట్టు నిండా దుమ్ము.

"ఎన్ని బేటా?"

"ఒకటే అబ్బా. కానీ పెద్దది."

జిలాన్ వంగి ఆ చోటు చూశాడు. చుట్టూ వేళ్లతో కొట్టి విన్నాడు. "చుట్టూరా రేకు గట్టిగానే ఉండాది. ఈడ ఒక్కసోట కొత్తది అతికితే సాలు. దీన్ని బాగు చేయొచ్చు," అన్నాడు.

కృష్ణమ్మ మాత్రం ముస్కాన్ వైపు తిరిగింది. "ఏం పాపా, తీసుకుందామా?"

ముస్కాన్ మునీశ్వరిని చూసి నవ్వింది. నవ్వుతూనే తలుపు దగ్గరికి వెళ్లి, లోపలికి ఎక్కబోతున్న ఆమెకు చెయ్యి అడ్డం పెట్టింది.

"తీసుకుందామాంటీ. కానీ అబ్బా ఆ రేకు ఏసేదాకా ఈ మునీని మాత్రం ఎక్కనీయొద్దు."