గేటు దగ్గర కూర్చున్న అదృష్టం

కొత్త ఏడాది మొదటి రోజు. బాగా పొద్దెక్కినా మెకైవర్ల ఇంటి తలుపు ఇంకా తెరుచుకోలేదు. బయట దక్షిణ అమెరికా కొసనున్న పటగోనియా గాలి రేకుల కప్పును పీకేస్తోంది. దొడ్లో గొర్రెలు నీళ్ళ కోసం గోల పెడుతున్నాయి. అయినా ఇంట్లోంచి ఒక్కరూ బయటికి కాలు పెట్టలేదు. పెట్టకూడదు మరి. ఏడాదికి మొదటగా గడప దాటి లోపలికి వచ్చేది నల్లజుట్టు మగవాడే కావాలి. ఆడమనిషో, ఎర్రజుట్టు వాడో ముందు వచ్చారంటే మందకు చేటని స్కాట్లాండు నుంచి పెద్దవాళ్ళు వెంట తెచ్చుకున్న పట్టింపు. ఖర్మ చూడండి, మెకైవర్ల వంశంలో ఎర్రజుట్టు లేనివాడు పుట్టనే లేదు.

"కాసిని టీ అయినా తాగరా. ఎంతసేపని అలా గదంతా కొలుస్తావు?" అంది ఎఫీ అవ్వ కొడుకుతో.

"ఎక్కడ చచ్చాడమ్మా వాడు? ఏటా తెల్లారేసరికల్లా వచ్చి తలుపు కొట్టేవాడు" అన్నాడు మర్డో.

కిటికీ దగ్గర నిలబడ్డ డొలీనా వెనక్కి తిరగకుండానే చెప్పింది. "వచ్చాడు నాన్నా. గేటు దగ్గర కూర్చున్నాడు. తెల్లారినప్పటి నుంచీ అక్కడే ఉన్నాడు."

వాడంటే సెఫెరీనో. చుట్టుపక్కల గాలిమరలు బాగుచేస్తాడు. తల్లి చిలీ దేశపు చిలోయె దీవి నుంచి కూలికి వచ్చి ఇక్కడే ఉండిపోయింది. అతని జుట్టు కాటుకలా నల్లగా ఉంటుంది. అందుకే ఏటా మొదటి అడుగు అతనిదే. ముందురోజు ఎఫీ అవ్వ తన రేకుపెట్టెలోంచి ఎండిన మట్టిపెళ్ళ ఒకటి తీసి అతని చేతికిస్తుంది. అది స్కాట్లాండులోని లూయిస్ దీవి చిత్తడి నేలలో కోసింది, బొగ్గులా కాలుతుంది. మర్నాడు అతను దాన్ని తెచ్చి అవ్వ చేతిలో పెట్టి, గుమ్మం పక్కనే నిలబడి ఒక గుక్క విస్కీ తాగి వెళ్ళిపోతాడు. పెళ్ళ మళ్ళీ పెట్టెలోకి పోతుంది. అవ్వ తల్లి ఓడలో తెచ్చుకున్నవాటిలో మిగిలింది అదొక్కటే. అవ్వ పుట్టింది ఇక్కడే, ఆ దీవిని ఎన్నడూ చూడలేదు. అయినా "మా ఊరు" అంటే ఆమెకు అదే.

మొన్న క్రిస్మస్‌కి సెఫెరీనో డొలీనాను తనకిమ్మని అడిగాడు. జన్మలో నా గడప తొక్కొద్దన్నాడు మర్డో. అయినా నిన్న అవ్వ గేటు దగ్గరికెళ్ళి మట్టిపెళ్ళను అతని చేతికిచ్చే వచ్చింది.

ఇప్పుడు అదే మర్డో తలుపు ఓరగా తీసి కేకేశాడు. "ఏమయ్యా, అక్కడేం చేస్తున్నావు? లోపలికి రా."

"తొక్కొద్దన్నారు కదండీ మర్డోగారూ" అన్నాడు సెఫెరీనో. ఆ గొంతులో వెటకారం లేదు.

"అది వేరు, ఇది వేరు. ఇవాళ ఒక్కసారికి తొక్కు."

డొలీనా గిరుక్కున తిరిగింది. "ఒక్కసారికా? అతని జుట్టు మనకి అచ్చొస్తుంది గానీ మనిషి అచ్చిరాడన్నమాట."

"నీకేం తెలుసే! అసలు మనవాళ్ళు ఎంతమంది మిగిలారు? మన సెయింట్ ఆండ్రూ పండక్కి తిత్తి పైపులు ఊదేవాడు పోతే టేపు పెట్టుకుని ఊరేగుతున్నాం. నా తాత కట్టిన గళ్ళ కిల్టు నాతోనే శవపెట్టెలోకి పోవాలా? చిలోయె వాడి పిల్లలు దాన్ని కడతారా?" అన్నాడు మర్డో.

"కడతారో లేదో వాళ్ళని పుట్టనిస్తే కదా తెలిసేది. అతన్ని తప్ప ఇంకెవర్నీ చేసుకోను నాన్నా. కాదంటే ఇప్పుడే నేను బయటికెళ్ళి నేనే ముందు లోపలికొస్తాను. ఆడదాన్నీ, ఎర్రజుట్టుదాన్నీ. ఆ తర్వాత మీ మంద, మీ ఇష్టం."

ఆమె చెయ్యి గొళ్ళెం మీద పడింది. మర్డో తలుపుకి అడ్డం వచ్చాడు.

"ఆగవే" అంది ఎఫీ అవ్వ. "ఒరే మర్డో, వాళ్ళదీ దీవే కదరా. వాళ్ళమ్మ వానొస్తే గుమ్మంలో కూర్చుని, మా ఊళ్ళో ఇలాగే కురుస్తుందమ్మా అని ఏడుస్తుంది. మా అమ్మా అంతే. మనకున్న దిగులే వాళ్ళకీ ఉంది. వెళ్ళి తీసుకురా."

మర్డో టోపీ తీసుకుని గేటు దాకా నడిచాడు. అక్కడేం మాట్లాడాడో గాలి హోరులో ఇంట్లోకి వినబడలేదు. వచ్చేటప్పుడు మాత్రం సెఫెరీనో ముందు నడిచాడు, మర్డో వెనక.

సెఫెరీనో గడప దాటి మట్టిపెళ్ళను అవ్వ చేతిలో పెట్టాడు. ఆమె రేకుపెట్టె కేసి వెళ్ళలేదు. పొయ్యి మూత తీసి దాన్ని నిప్పుల మీద వేసింది.

"అమ్మా, అదొక్కటే కదే!" మర్డో చెయ్యి చాచాడు.

"పొయ్యిలో వెయ్యడానికేరా తెచ్చేది. అయిపోతుందని భయపడి ఇన్నాళ్ళూ దాచాం. కాలితేనే మా ఊరి వాసనొస్తుందనేది మా అమ్మ. కాల్చకుండా వాసన చూస్తే వట్టి మన్ను. నేను పోయేలోగా ఒక్కసారి ఆ ఊరిని చూడనీ."

పెళ్ళ మెల్లగా అంటుకుంది. ఘాటైన, తియ్యటి పొగ గదంతా పరుచుకుంది. అవ్వ కళ్ళు మూసుకుంది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు కారాయి. "ఇదన్నమాట" అంది.

ఎన్నడూ చూడని ఊరి మీద మర్డోకీ బెంగ పుట్టింది. ముఖం చాటుచేసుకుని గ్లాసులో విస్కీ పోశాడు. సెఫెరీనో ఎప్పట్లాగే గుమ్మం పక్కన నిలబడే అందుకున్నాడు. తాగేసి, టోపీ పెట్టుకోబోయాడు.

"ఎక్కడికయ్యా? పొగంతా బయటికి పోతోంది" అన్నాడు మర్డో కుర్చీ లాగుతూ. "ఆ తలుపేసి వచ్చి కూర్చో."