పాతలాకుల కేక

దగ్గరికి జరగండి. ఆ అరుగు చివర కూర్చున్నవాళ్ళు కూడా... మంచు పడుతోంది. పైగా నేను చెప్పబోయేది గట్టిగా చెప్పుకునే సంగతి కాదు.

పాతలాకులు ఎప్పుడైనా చూశారా? నిడదవోలు దాటి కాలువ గట్టు పట్టుకుని దిగువకి వస్తే, గట్టు ఒక్కసారిగా మెలిక తిరిగే చోట ఉంటాయి. పడవలు తిరిగే రోజుల్లో, నీళ్ళు ఎత్తి దించి పడవల్ని దాటించడానికి కట్టినవి. ఇప్పుడు తలుపులు తుప్పు పట్టిపోయాయి. వాటి మీదుగా సన్నటి వంతెన ఒక్కటి మిగిలింది. ఇద్దరు ఎదురుపడితే ఒకరు కమ్మీకి అతుక్కుపోవాలి. ఒక పక్క కమ్మీ ఉంది. రెండో పక్క... కాలువే.

దీపాలు పెట్టే వేళ దాటాక ఆ వంతెన ఎక్కే మనిషి ఎవరైనా సరే, మలుపులో ఆగి ఒక కేక వేస్తాడు. "లాకులోయ్..." అని. సాగదీసి, కాలువ అవతలి గట్టుకి వినపడేలా.

ఎందుకంటే — అక్కడ లస్కరు చిట్టియ్య ఉంటాడు.

లాకుల తలుపులు ఎత్తడం, దించడం ఆయన ఉద్యోగం. పడవ వస్తోందంటే దాన్ని నడిపే సరంగు దూరం నుంచే అలా కేకెయ్యాలి. అప్పుడు ఆయన ఇవతల నుంచి "ఓయ్" అని పలికి తలుపు తీసేవాడు. కేక లేకుండా వచ్చిన పడవని, అది ఎంత గొప్పవాళ్ళదైనా, తెల్లారేదాకా నిలబెట్టేసేవాడట. అడిగితే ఒకటే మాట — దారి అందరిదీ, వచ్చేవాడు చెప్పి రావాలి.

ఆయన పోయి చాలా ఏళ్ళైంది. మా చర్చి వెనక సమాధుల తోటలోనే ఉన్నాడు. ఈస్టరు వచ్చిందంటే ఆయన సమాధికీ సున్నం వేస్తాం. "ప్రభువునందు నిద్రించెను" అని రాసుంటుంది దాని మీద. నేను అది నమ్ముతాను. ఊరు మాత్రం ఆయన ఇంకా డ్యూటీ దిగలేదని నమ్ముతుంది. కేకెయ్యకుండా వంతెనెక్కినవాణ్ణి వెనక నుంచి పట్టుకుంటాడని.

నేనేం చేస్తానంటారా? ప్రార్థన చేసుకుంటాను. చేసుకుని... కేక కూడా వేస్తాను.

ఈ గట్టు మీదకి యుగంధర్ వచ్చాడు.

తుని కుర్రాడు. రాజమండ్రిలో షోరూం ఉద్యోగం మానేసి, భార్య హారతిని తీసుకుని మా ఊరొచ్చి, కరెంటు సైకిళ్ళు అద్దెకిచ్చే షెడ్డు పెట్టాడు. మామూలు సైకిళ్ళు కావు. లావుపాటి చక్రాలు, కడుపులో మోటారు, కొండలెక్కడానికి చేసినవి. మా దగ్గర కొండలెక్కడున్నాయయ్యా అని నేనే అడిగాను. "మీ గట్టు గోతుల ముందు కొండలెంతండీ మాస్టారూ," అన్నాడు.

బళ్ళు బాగున్నాయి. కాలువ చూడ్డానికి వచ్చేవాళ్ళు వాటి మీద గట్టంతా తిరిగేవాళ్ళు. గట్టేమో వాళ్ళొక్కళ్ళదే కాదు. చేపల గంపలతో ఆడవాళ్ళు నడుస్తారు, గేదెలు నడుస్తాయి, బాతుల మందలు అడ్డంగా దిగుతాయి, బడిపిల్లలు వరసకట్టి వెళ్తారు. ఆ బళ్ళకి చప్పుడే ఉండదు. సరిగ్గా వెనకాలకి వచ్చేదాకా తెలియదు.

అందుకని నీటి సంఘం అధ్యక్షురాలు సూర్యకళగారు షరతులు పెట్టారు. మలుపులో గంట కొట్టాలి. లాకుల వంతెన మీద బండి దిగి, మోటారు ఆపి, నడిపించుకుని వెళ్ళాలి. నడిచేవాళ్ళకీ, గొడ్లకీ, బాతులకీ ముందు దారి. ఆ మూడూ పసుపు రంగుతో బోర్డు మీద యుగంధరే సొంతంగా రాసి మలుపులో పాతాడు. క్రిస్మస్ దాకా చూస్తాం, ఈలోగా గట్టు మీద నడిచేవాళ్ళలో ఒక్కరు వచ్చి ఫిర్యాదు చేసినా బళ్ళు గట్టు దిగిపోవాలి అని చెప్పారావిడ. ఆవిడ మాట అంటే మాటే.

బళ్ళు దిగిపోతే యుగంధర్‌కి ఇంకేమీ లేదు. ఉన్న ఉద్యోగం వదులుకొచ్చాడు కదా.

ఇప్పుడు చెప్పబోయేది యుగంధరే నాకు చెప్పాడు.

మార్గశిరంలో ఒక సాయంత్రం, ఎగువన ఎవరి బండికో చైను తెగితే బాగు చేసి ఒంటరిగా తిరిగొస్తున్నాడు. అప్పటికే చీకటి పడింది. కాలువ మీద నుంచి మంచు లేచి గట్టు మీదకి పాకుతోంది. ఊళ్ళో దీపాలు కనపడుతున్నాయి గానీ... మసకగా.

మలుపు దగ్గరికొచ్చి ఆగాడు.

ఎదురుగా వంతెన. పక్కనే తన బోర్డు. లస్కరు గురించి అందరూ చెప్పింది విన్నాడు, అందరి ముందూ నవ్వేశాడు కూడా. ఇప్పుడు నవ్వు రాలేదు. కేకేద్దామని నోరు తెరిచాడు... మూసేశాడు.

చూడండి, మా ఊరివాడైతే కేకేసి వచ్చేసేవాడు. ఇతనికి ఇంకో ఆలోచన వచ్చింది. కేకేస్తే నేను వచ్చానని ఆయనకి నేనే చెప్పినట్టు కదా? నా బండికి చప్పుడు లేదు. తెలియకుండా దాటేస్తే ఆయన మాత్రం ఎలా పట్టుకుంటాడు?

గోతుల్లో బండి ఎగిరినప్పుడు గంట మోగుతుందేమోనని జేబులో రుమాలు తీసి దానికి గట్టిగా చుట్టాడు. కాళ్ళు పెడల్స్ మీద కదలకుండా పెట్టుకుని, ఊపిరి బిగబట్టి, మోటారు మీదే వదిలాడు బండిని. ముందు లైటు ఒక్కటే వెలుగుతోంది, అదీ ఆ మంచులో మూరెడు మించి పారట్లేదు.

వంతెనెక్కాడు. సగం దాటాడు...

పట్టుకుంది.

వెనక నుంచి. భుజం మీద చల్లగా, తడిగా. వేళ్ళు కావవి, వేళ్ళ కంటే సన్నంగా ఉన్నాయి, చాలా ఉన్నాయి. బురద వాసన. చెవి పక్కనే ఎవరో ఊపిరి లోపలికి పీల్చుకున్న చప్పుడు.

వెనక్కి తిరగలేదు. మోటారు ఎంత ఇవ్వగలిగితే అంతా ఇచ్చాడు. భుజం వదిలింది గానీ అది పోలేదు. వెనకాలే వస్తోంది. టక్... టక్... టక్... టక్. బండి ఎంత వేగంగా పోతే అదీ అంత వేగంగా.

షెడ్డు ముందు బండితో సహా పడిపోయాడు. హారతి టార్చిలైటు పట్టుకుని బయటికొచ్చింది. అతను కళ్ళు మూసుకునే, "నా వెనకాల చూడకు," అన్నాడట గొణుగుతూ.

ఆవిడ చూసింది. బాగా, తీరిగ్గా చూసింది.

"మిమ్మల్ని పట్టుకున్న దెయ్యం ఇదిగోనండి. సీసం గుళ్ళు కూడా ఉన్నాయి దీనికి."

వల. వెనక క్యారియర్‌కి చుట్టుకుని, బారెడు పొడుగున వేలాడుతున్న చేపల వల. అంచు గుళ్ళు గట్టు రాళ్ళకి కొట్టుకుంటూ వచ్చాయి అంతదూరమూ.

ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారట. నవ్వి నవ్వి, ముందు హారతే ఆగింది. వల దానంతటదే వంతెన మీదకి రాదు కదా. ఎవరిదో అయ్యుండాలి. ఆ ఊపిరి పీల్చుకున్నదెవరు?

పొద్దున్నే ఊరే చెప్పింది. అది అప్పాయమ్మ వల. కాలువలో చేపలు పట్టే లోవరాజు భార్య అప్పాయమ్మ. పగలు వంతెన కమ్మీ మీద వల ఆరేసి, మంచుకి తడుస్తుందని చీకట్లో తీసుకురావడానికి వెళ్ళిందట. ఒంటికన్నుతో, చప్పుడు లేకుండా, కాళ్ళు కదపకుండా గాలిలో వచ్చాడట లస్కరు. చేతిలో వల లాక్కుని పోయాడట. ఆవిడకి జ్వరం పట్టుకుంది.

యుగంధర్ గుండె కుదుటపడింది... ఒక్క క్షణం. లస్కరు మీద సంఘానికి ఫిర్యాదు ఎవరు చేస్తారు?

హారతి మాత్రం ఊరుకోలేదు. "ఆ వల లేకపోతే వాళ్ళ పొయ్యి మీద ఏముంటుందండీ? పట్టుకెళ్ళి ఇచ్చెయ్యండి."

ఇస్తే చెప్పాలి. చెప్తే బళ్ళు పోతాయి. అందుకని అతను తెలివైన పనొకటి చేశాడు. ఎవరూ లేనప్పుడు వెళ్ళి వల మళ్ళీ కమ్మీ మీదే మడతపెట్టి వేసి వచ్చేశాడు.

అంతే, ఊరు ఇంకా హడలిపోయింది. లస్కరు వల తిరిగిచ్చాడు. నీట్‌గా, కొసలు సమానంగా మడతపెట్టి మరీ ఇచ్చాడు. అప్పాయమ్మ దాన్ని ముట్టనంది. లోవరాజు దాన్ని కర్రతో ఎత్తి లాకుల పక్కన పడేశాడు. చేపల గంపల ఆడవాళ్ళు వంతెన మానేసి, రోడ్డు మీదుగా చుట్టు తిరిగి వెళ్ళడం మొదలుపెట్టారు. పెద్దలందరూ అనుకున్నదేంటంటే, ఆదివారం సాయంత్రం లాకుల దగ్గరే ఆ వల తగలబెట్టాలని.

నన్నూ పిలిచారు, ప్రార్థన చెయ్యమని. లోవరాజు కొబ్బరికాయ కూడా తెచ్చాడు. చిట్టియ్య మీ మతం, వల మా మతం, రెండు వైపులా చెప్పిచూద్దామండి మాస్టారూ అన్నాడు. నాకూ తప్పనిపించలేదు.

ఇక్కడి నుంచి నేను కళ్ళతో చూసిందే.

సూర్యకళగారు రాయి మీద కూర్చున్నారు. అప్పాయమ్మ దుప్పటి కప్పుకుని వణుకుతోంది. లోవరాజు అగ్గిపెట్టె తీశాడు. నేను వలనే చూస్తున్నాను. ఎన్ని చలి రాత్రుళ్ళు కూర్చుని అల్లిందో ఆ తల్లి.

"ఆగండి," అన్నారెవరో.

యుగంధర్. బండి నడిపించుకుంటూ వచ్చాడు. వెనకాల హారతి. అతని ముఖంలో నెత్తురు లేదు.

"దాన్ని లస్కరు ముట్టుకోలేదండి. పట్టుకుపోయింది నేను. పెట్టిందీ నేనే."

సూర్యకళగారే అడిగారు, బోర్డు వైపు చూస్తూ.

"గంట కొట్టావా?"

"రుమాలు చుట్టానండి." చూపించాడు. ఇంకా అలాగే ఉంది.

"దిగి నడిచావా?"

"లేదండి."

"ఆ బోర్డు రాసిందెవరు?"

"నేనేనండి."

ఎవరో కిసుక్కుమన్నారు. ఆవిడ నవ్వలేదు. ఇక రేపటి నుంచి బళ్ళు గట్టెక్కనక్కర్లేదని చెప్పడానికి లేచారు. అతను తలదించుకునే ఉన్నాడు. దెయ్యం పేరు చెప్పి బతికిపోవచ్చు కదా, రాకపోతే ఎవరికి తెలుసు? అయినా వచ్చాడు. నేను మనసులో ఆ పిల్లాడి కోసం ఒక మాట అనుకున్నాను దేవుడితో.

అప్పాయమ్మ ఈలోగా వల ఒళ్ళోకి లాక్కుంది. దాని కన్ను కన్నూ తడిమి చూసుకుంటోంది. మనిషే పట్టుకుపోయాడని తెలిసేసరికి జ్వరం సగం దిగినట్టుంది.

"వల చింపావు గానీ బాబూ, ఈ పక్క," అంది. తర్వాత సూర్యకళగారి వైపు తిరిగి, "పాపం, మరీ అంత రూలు తప్పలేదులెండమ్మా. కేకేశాడు కదా," అంది.

యుగంధర్ తలెత్తాడు.

"నేను వెయ్యలేదండి, పిన్నిగారూ."

"వేశావు. మలుపులోంచి. లాకులోయ్ అని, పాతకాలం సరంగుల్లాగా సాగదీసి. అది వినపడబట్టే కదా నేను కమ్మీకి అతుక్కున్నాను. అప్పటిదాకా నీళ్ళ పక్కనే నిలబడున్నాను వల దులుపుతూ. లేకపోతే నీ బండి ఈడ్చుకుపోయేది వలనా, నన్నా?"

"నేను... ఊపిరి కూడా పీల్చలేదండి. దేవుడి మీద ఒట్టు."

తుప్పు పట్టిన తలుపు సందులోంచి నీళ్ళు కారుతున్న చప్పుడు వినపడింది. అంతసేపూ అది అక్కడే ఉంది, ఎవరూ వినలేదు.

లోవరాజు అగ్గిపెట్టె జేబులో పెట్టేసుకున్నాడు. కొబ్బరికాయ మాత్రం నెమ్మదిగా, చప్పుడు కాకుండా లాకుల మెట్టు మీద పెట్టాడు.

సూర్యకళగారు మళ్ళీ కూర్చున్నారు. గొంతు తగ్గించి అన్నారు.

"ఫిర్యాదు చెయ్యాల్సిన మనిషే చెయ్యనంటోంది. ఉండనియ్యి నీ బళ్ళు. ఈసారికి నీ బదులు ఆయన కేకేశాడు. ఇకనుంచి నీ నోటితో నువ్వే వెయ్యి, యుగంధరూ. ప్రతిసారీ ఆయన్ని లేపకు."

వల చిరుగు హారతి దగ్గరుండి కుట్టించింది. బోర్డు మీద నాలుగో వరస వచ్చింది. ఇప్పుడు బళ్ళ మీద కాలువ చూడ్డానికొచ్చే జనమంతా మలుపులో దిగి, గంట కొట్టి, సరదాగా "లాకులోయ్" అని అరుస్తూ, బళ్ళు నడిపించుకుని వంతెన దాటుతారు. ముందు యుగంధర్ నడుస్తాడు.

మొన్నామధ్య విశాఖపట్నం నుంచి వచ్చిన ఒకావిడ అవతలి గట్టెక్కాక అడిగిందట అతన్ని. మీ ఏర్పాటు భలే ఉందండీ, మేం కేకెయ్యగానే లోపల నుంచి "ఓయ్" అని పలికారు, ఎవరాయన అని.

యుగంధర్ వెనక్కి తిరిగి చూడలేదట. బండి హ్యాండిల్ మాత్రం గట్టిగా పట్టుకుని, చాలా మర్యాదగా చెప్పాడట —

"మా మనిషేనండి."