దొరికింది బావా

పోయిన మనిషి మీద అసూయేమిటని అనేవాళ్లు ఆ ఇంట్లో నాలుగు రోజులుండి మాట్లాడాలి.

ఆయనా, ఆయన మొదటి భార్యా కలిసి ఒక ప్రోగ్రామింగ్ భాష తయారుచేశారు. రాసినదాన్ని నడిచే ప్రోగ్రాముగా మార్చే కంపైలర్ ఆయనది, అందులో వాడుకునే తయారు ముక్కల లైబ్రరీ ఆవిడది. తెర మీద మాట రాయాలన్నా, తేదీ చెప్పాలన్నా ఆ పని చేసే ముక్క ఆవిడ లైబ్రరీలోదే. ఎవరూ అడగక్కర్లేదు, కంపైలరే వెళ్లి కావలసిన ముక్కలు తెచ్చి ప్రోగ్రాముకు అతికిస్తుంది. ఏదైనా లేకపోతే, ఆవిడ లైబ్రరీలో రాసిపెట్టిన "దొరకలేదు బావా" అన్న మాట చూపించి ఆగిపోతుంది. ఆవిడ ఆయనకు మేనత్త కూతురు మరి. ఆ సరసాన్ని ఆవిడ పోయాక కూడా ఆయన తీయలేదు.

రెండో భార్యదీ ప్రోగ్రాములు రాసే ఉద్యోగమే. ఆయన్ని "ఏమండీ" అని పిలుస్తుంది. తెర మీద ఆ "బావా" కనబడినప్పుడల్లా ఆమెకు కడుపు రగిలిపోయేది. ఆవిడ తన సంసారంలో తిష్ఠ వేసుక్కూర్చున్నట్టే ఉండేది.

"ఆ ఒక్క మాటా మార్చొచ్చుగా" అని ఒకసారి అడిగింది.

"ఉండనీ, పనిచేస్తోందిగా" అన్నాడాయన.

ఆమె పట్టుబట్టి తన లైబ్రరీ తాను రాసుకుంది.

అది పూర్తయిందనుకున్న సాయంత్రం, ఆయన బయటికెళ్లాక వాన పట్టుకుంది. ఆమె ఆవిడ రాసిన లైబ్రరీని కాపీలతో సహా చెరిపేసింది. ఇకనుంచి తన లైబ్రరీలోనే వెతకమని కంపైలర్‌కు చెప్పి, తేదీ చూపించే చిన్న ప్రోగ్రామొకటి ఇచ్చింది. పీడ విరగడైందనుకుంది.

మీట నొక్కాక గుర్తొచ్చింది, తేదీ ముక్క తను రాయనేలేదు. నాలుక కరుచుకుంది. ఇక ఇది ఆగిపోవాలి.

ఆగలేదు...

గదిలోకి తడి జుట్టు వాసన వచ్చింది. కిటికీలు మూసే ఉన్నాయి. ప్రోగ్రాము సిద్ధమై తేదీ చూపించింది. సరైన తేదీ. ఎక్కణ్ణుంచి తెచ్చింది? చెరిపేసిన చోట వెతికింది. ఏమీ లేదు.

తెర మీద ఇంకో వరుస పడింది.

"దొరికింది బావా."

ఆ మాట ఆవిడ ఎన్నడూ రాయలేదు. కసికొద్దీ ఆ లైబ్రరీ అంతా కంఠతా పట్టిన మనిషికి ఆ మాత్రం తెలుసు. మెడ వెనక చల్లగా తగిలింది... ఎవరో వంగి చూస్తున్నట్టు... చెయ్యి వెనక్కి పెట్టి తడిమింది. తన జుట్టే. తడిసి ముద్దయి ఉంది.

వీధి తలుపు చప్పుడైంది. ఆయనే. ప్రాణం లేచొచ్చినట్టయి "ఏమండీ" అనబోయింది.

నోట్లోంచి వచ్చింది మాత్రం, "వస్తున్నా బావా."

ఆ గొంతు ఆమెది కాదు.

ముందు గదిలో చెప్పులు విప్పుతున్న చప్పుడు ఆగింది.  తర్వాత ఆయన, ఆమెతో ఎప్పుడూ మాట్లాడనంత మురిపెంగా, మెల్లగా అడిగాడు.

"ఇన్నాళ్లు పట్టిందేమే?"