దుప్పట్ల గది ఫోటో

మధ్యాహ్నం మూడు దాటింది. పొద్దుటి నుంచి ముసురు పట్టే ఉంది.

వంటింటి పక్కనున్న చిన్న గదే ఆమె ఆఫీసు. ఒక బల్ల, రెండు కంప్యూటర్లు, గోడకి ఆనించిన మడతకుర్చీ. ఉద్యోగం మానేశాక సొంతంగా వెబ్‌సైట్లు చేసిపెట్టే పని మొదలుపెట్టింది. బేకరీలకీ, పళ్ల డాక్టర్లకీ, ట్యూషన్ సెంటర్లకీ. పేజీలు కూతురు గీస్తుంది. ఫోటోలు తమ్ముడు తీస్తాడు. మాటలు ఆమె రాస్తుంది. నోరు తెరిచి మాట్లాడేది తక్కువే కానీ, రాయమంటే నాలుగు ముక్కలు పొందిగ్గా రాయగలదు.

ఇవాళ్టి పని ఒక లేడీస్ హాస్టల్‌ది. కొంతకాలంగా మూసి ఉన్నదాన్ని, రంగులు వేయించి మళ్లీ తెరుస్తున్నారు. సాయంత్రానికల్లా సైటు కనబడాలని ఓనరమ్మ ఒకటే తొందర. కూతురూ తమ్ముడూ బండి మీద వెళ్లారు. అక్కడ తీసిన ఫోటో తీసినట్టు పంపిస్తుంటే, ఇక్కడ ఆమె పేజీలో పెడుతోంది.

ఫోన్ చేసి కనుక్కుంది. "ఎలా ఉందే అక్కడ?"

"అంతా రంగు వాసనమ్మా. తల పగిలిపోతోంది. మామయ్యేమో మంచాన్ని కూడా నవ్వమంటున్నాడు."

"నీకన్నా మంచమే నయం కోడలు పిల్లా. కదలకుండా ఉంటుంది." వెనక నుంచి తమ్ముడి గొంతు.

ఓనరమ్మ గొంతు కూడా కలిసింది, తేనె పూసినట్టు. "'కన్నపిల్లల్లా చూసుకుంటాం' అని పెద్ద అక్షరాల్లో రాయమనమ్మా, మీ అమ్మని."

రాసింది. హాస్టల్ అంటే ఎవరైనా అదే రాయమంటారు.

ప్రతి ఫోటోకీ ఇంకో పని ఉంటుంది. చూపు లేనివాళ్లు పేజీ తెరిస్తే కంప్యూటర్ దాన్ని పైకి చదివి వినిపిస్తుంది. ఫోటో దగ్గరికొచ్చేసరికి, అందులో ఏముందో చెప్పే వాక్యం ఒకటి చదువుతుంది. ఆ వాక్యం పేజీ మీద ఎవరికీ కనబడదు. అందుకే చాలామంది రాయకుండా ఎగ్గొడతారు. ఆమె ఎగ్గొట్టదు. రాశాక కళ్లు మూసుకుని ఒకసారి విని చూసుకుంటుంది కూడా.

మొదటి ఫోటోకి 'ఇనుప గేటు, పక్కన పూలకుండీలు' అని రాసింది. కంప్యూటర్‌లోని ఆడగొంతు, ఎగుడుదిగుళ్లు లేని గొంతు, రాసింది రాసినట్టు చదివింది.

రెండో ఫోటో. 'గది. రెండు మంచాలు. కిటికీ.' కళ్లు మూసుకుంది.

"గది. రెండు మంచాలు. కిటికీ. కిటికీ పక్క మంచం మీద ఒకమ్మాయి పడుకుని ఉంది."

కళ్లు తెరిచింది. మంచం ఖాళీ. పరుపుకి తొడిగిన ప్లాస్టిక్ కవరు కూడా ఇంకా తీయలేదు. వాక్యం చూసింది. తను రాసినంతే ఉంది.

కూతురు ఏదో ఆట పట్టిస్తోందనుకుంది. మూడో ఫోటో పెట్టి, నడవా అని ఒక్కమాట రాసింది.

"నడవా. ఒకమ్మాయి గోడ పట్టుకుని నడుస్తోంది. జ్వరంగా ఉంది."

నడవాలో కొత్త రంగు తళతళలాడుతోంది తప్ప పురుగు కూడా లేదు. ఆమె కూర్చున్న గదిలో మాత్రం ఏదో వాసన. వాన వాసన కాదు. రంగు వాసన కాదు. రాత్రంతా చెమటకి తడిసిన దుప్పటి వాసన...

నాలుగో ఫోటోకి ఆమె అసలేమీ రాయలేదు. ఊరికే వినిపించమని మీట నొక్కింది.

"తలుపు. ఓనరమ్మ పడుకునే గది. ఒకమ్మాయి తలుపు కొడుతోంది. గేటు తాళం తీయండి, ఆసుపత్రికి వెళ్లాలి, అంటోంది. లోపల లైటు వెలిగింది." గొంతు ఆగింది. "లైటు ఆరిపోయింది."

ఐదో ఫోటో మెట్లది. వెలుతురు కోసం తెల్లట్ట పట్టుకుని నిలబడ్డ కూతురు పొరపాటున ఓ మూల పడింది.

"మెట్లు. ఇద్దరమ్మాయిలు. ఒకమ్మాయి తెల్లట్ట పట్టుకుంది. రెండో అమ్మాయి ఆమె భుజం పట్టుకుంది. దిగలేకపోతోంది."

ఫోన్ అందుకుంది.

"ఏంటమ్మా?"

"నీ పక్కన ఎవరున్నారే?"

"ఎవరూ లేరు. గుసగుసలాడతావేంటి? అబ్బా, అట్ట మోసీ మోసీ నా భుజం లాగేస్తోంది."

"మామయ్యని తీసుకుని బయటికి వచ్చెయ్."

"ఇంకొక్కటేనమ్మా. దుప్పట్ల గది. ఆంటీ తాళంచెవులు తేవడానికి వెళ్లింది. తీసుకుని వచ్చేస్తాం."

పేజీలో చివర ఒక గడి ఖాళీగా ఉంది. ఆ ఫోటో కోసమే వదిలింది. ఆమె మీట ముట్టుకోలేదు. చెయ్యి బల్ల మీద కూడా లేదు.

"దుప్పట్ల గది," అంది గొంతు. "ఫోటో ఇంకా రాలేదు. లోపల ఒక మనిషి. తలుపు బయటి నుంచి వేసి ఉంది."

పిచ్చిదానిలా కంప్యూటర్‌నే అడిగింది. "లోపల... ఎవరు?"

ఆ ఎగుడుదిగుళ్లు లేని గొంతే బదులిచ్చింది.

"ఎవరు వెళితే వాళ్లు."

ఫోన్ ఇంకా చేతిలోనే ఉంది. "అమ్మా? ఉన్నావా? ఇదుగో ఆంటీ వచ్చేసింది. తలుపు తీస్తోంది..."

"నువ్వు గడప దాటకు. అక్కడే ఉండు. ఫోన్ ఆవిడకియ్యి."

"చెప్పండమ్మా, చెప్పండి!" ఓనరమ్మ నవ్వుతూనే అందుకుంది. "మీ అమ్మాయి ముత్యమండీ."

"ఆ అమ్మాయికి గేటు ఎందుకు తీయలేదు?"

నవ్వు ఆగిపోయింది. ఈసారి గొంతులో తేనె లేదు.

"ఎవరు చెప్పారు మీకు?"

ఆమె ఫోన్‌ని చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది.

"చూడండీ. జ్వరాలు అందరికీ వస్తాయి. రాత్రి తాళం వేశాక వేసినట్టే. ఒక్కదాని కోసం లేచి తీస్తే రేపు అందరూ వచ్చి తలుపు బాదుతారు. తెల్లారేదాకా ఓపిక పట్టలేకపోయింది. దానికి నేనేం చేస్తాను? పోయినవాళ్ల సంగతి మనకెందుకు, మీరు సైటు సంగతి చూడండి."

కంప్యూటర్ తెర మీద 'కన్నపిల్లల్లా చూసుకుంటాం' అని ఆమె రాసిన అక్షరాలు మెరుస్తున్నాయి.

ఆమెకి భయం పోలేదు. భయం కింద నుంచి ఇంకోటి లేచింది. రాజుకుంటున్న నిప్పులాంటిది. ఆ మెట్ల మీద జ్వరంతో దిగలేకపోయింది తన కూతురే అయి ఉంటే...

ఓనరమ్మకి లోపలికి వెళ్లొద్దని చెప్పొచ్చు. ఒక్క మాట. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది.

"మా వాళ్లని పంపించేయండి," అంది మెత్తగా. "వాన పెరిగేలా ఉంది. ఆ ఒక్క ఫోటో మీరే తీసి పంపండి."

"అదెంత పని! ఫోన్‌తో తీసేస్తాను."

"గుమ్మంలోంచి తీయకండి. గది చిన్నగా కనబడుతుంది. లోపలికంటా వెళ్లి, గోడకి వీపు ఆనించి తీయండి."

"సరే సరే."

బండి స్టార్టయిందని కూతురు మెసేజ్ పెట్టాకే ఆమె ఊపిరి వదిలింది.

కాసేపటికి ఓనరమ్మ దగ్గర్నుంచి ఫోటో వచ్చింది. మొత్తం నలుపు. ఆమె దాన్ని గడిలో పెట్టలేదు. ఏముందో వినాలని కూడా అనుకోలేదు.

ఫోన్ మోగింది. ఓనరమ్మ.

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుంది.

ఆగింది. మళ్లీ మోగింది. మళ్లీ... ఆమె శబ్దం తీసేసి ఫోన్‌ని బల్ల మీద బోర్లా పెట్టింది. అయినా అది అదురుతూనే ఉంది. దడదడ, దడదడ, ఎవరో అరచేతులతో తలుపు బాదుతున్నట్టు. ఆమె లేచి వెళ్లి గదిలో లైటు ఆర్పేసి, మళ్లీ వచ్చి అదే కుర్చీలో కూర్చుంది.

చీకటి పడుతుండగా ఆ చప్పుడు ఆగిపోయింది.

వీధి తలుపు దగ్గర బండి ఆగింది. ఆమె ఒక్క ఉదుటున వెళ్లి తలుపు తీసింది. తమ్ముడు కెమెరా సంచీ కడుపుకి హత్తుకుని లోపలికి దూకాడు. "ఏం వానక్కా! టీ పెడతావా, నన్నే పిండి ఆరేస్తావా?" వెనకే కూతురు, హెల్మెట్ తీస్తూ.

తమ్ముడు వచ్చాడు. కూతురు వచ్చింది. ఆమె వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. ఇద్దరూ వచ్చారు. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి.

తువ్వాలు తెచ్చి కూతురి తల తుడవబోయి ఆగిపోయింది.

పొద్దున తలస్నానం చేసి, జుట్టు విరబోసుకుని వెళ్లిన పిల్ల. ఇప్పుడు నున్నగా దువ్వి, పాయ పాయా బిగించి అల్లిన జడ. ఒక్క వెంట్రుక చెదరలేదు.

"ఎవరు వేశారే ఇది?"

"ఏది?" కూతురు చెయ్యి వెనక్కి పెట్టి తడుముకుంది. "అమ్మా... నేను వేసుకోలేదు."

"దారంతా నా వెనకే కూర్చుందక్కా," అన్నాడు తమ్ముడు నెమ్మదిగా. "హెల్మెట్ కూడా తీయలేదు."

ఆమె జడని చేతిలోకి తీసుకుంది. బట్టలన్నీ నీళ్లు కారుతున్నాయి. జడ మాత్రం పొడిగా ఉంది. కాలిపోతున్న ఒంటిలా వెచ్చగా ఉంది.

వీధి తలుపు మూసి గడియ పెట్టబోయింది. రాత్రి తెరుచుకోని ఆ గేటు గుర్తొచ్చి చెయ్యి రాలేదు. దాన్ని అలా తెరిచే ఉంచి, వానలోకి చూస్తూ, మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

తమ్ముడు. కూతురు...