రెండోసారి చీజ్

హేజెల్ రెండు పడవల మీద కాళ్లు పెట్టిందని మదాం పెరశోన్ అందట. ఆ మాట ఆవిడ రొట్టెల కొట్టు సిమోన్ చెవిన వేస్తే, సిమోన్ వేడి వేడి రొట్టెకు కాగితం చుడుతూ ఆ కబురు హేజెల్‌కే అప్పజెప్పింది.

"నేనన్నది కాదమ్మా, ఆవిడన్నది. నిన్న సాయంత్రం నువ్వు మందుల షాపాయన మేనల్లుడితో కాఫీ తాగుతుంటే కిటికీలోంచి చూసిందట. 'పాపం తిబో, బంగారంలాంటి కుర్రాడు, అమెరికా పిల్ల మోసం చేసింది' అని ఒకటే ఇదైపోతోంది."

"నేను తిబోని మోసం చేయడమేంటండీ? అసలు తిబోకి నేనేమవుతానని?"

సిమోన్ చేతిలో కాగితం ఆగిపోయింది. "అదేంటి పిల్లా? ఊరందరికీ తెలుసు. నీకు తెలీదా?"

నిజంగానే తెలీదు. హేజెల్ పుట్టి పెరిగింది నెబ్రాస్కా మొక్కజొన్న చేల మధ్య. అక్కడ ఓ అబ్బాయీ అమ్మాయీ ఎన్నిసార్లు కలిసి తిరిగినా అది లెక్కలోకి రాదు. ఇద్దర్లో ఒకరు గొంతు సవరించుకుని "ఇకమీదట మనిద్దరమే కదా?" అని అడగాలి. రెండోవాళ్లు అవుననాలి. అప్పుడే జంట. అందాకా ఎవరి దారి వాళ్లది.

తిబో అడగలేదు.

సంతలో మేక పాల చీజ్ అమ్మే ఈ తిబోతో ఆమెకు మొదటిరోజే తగువు. "ఆ గుండ్రంది ఒకటివ్వండి" అంటే, కత్తి మీంచి చూపు ఎత్తకుండా "బోంజూర్" అన్నాడు. మళ్లీ అడిగితే మళ్లీ "బోంజూర్." ముందు పలకరించందే ఆ ఫ్రెంచి ఊళ్లో ఉప్పురాయి కూడా పుట్టదని, కొత్తగా బడిలో ఇంగ్లీషు చెప్పడానికి వచ్చిన పిల్లకేం తెలుసు? తెలిశాక ఇక ఊరుకుందా? సంత జరిగే ప్రతి బుధవారం, పక్క అంగడి కోళ్లు ఉలిక్కిపడేలా దూరాన్నుంచే "బోంజూర్!" అని కేకపెట్టేది. తిబో నవ్వు ఆపుకోలేక చీజ్ వంకరగా కోసేవాడు.

ఆ నవ్వే వాళ్లను సంత పాక కింద, జోరువానలో, ఓ స్తంభం చాటున ముద్దు దాకా తెచ్చింది. కిందటి ఆదివారం తిబో వాళ్ల మామ్మ ఒడెట్ ఇంట్లో భోజనం దాకా కూడా తెచ్చింది.

అక్కడే హేజెల్ కొంప మునిగింది. ఆ ఇళ్లలో చీజ్ పళ్లెం బల్ల చుట్టూ ఒక్కసారే తిరుగుతుంది. మళ్లీ అడిగితే, నీ వంటతో నా కడుపు నిండలేదని వండినావిడ మొహాన అన్నట్టే. అది తెలియని హేజెల్ "భలే ఉంది మామ్మా, ఇంకాస్త పెట్టరూ?" అని పళ్లెం చాపింది. అందరి చేతుల్లో ఫోర్కులు ఆగిపోయాయి. ముసలావిడ ఓసారి ఎగాదిగా చూసి, ఇంత ముక్క కోసి పెట్టింది.

తిబో అడగడు, మామ్మకు నేను నచ్చను, అనుకుంది హేజెల్. అందుకే మేనల్లుడు కాఫీకి పిలిస్తే వెళ్లింది. అతనేం మాట్లాడాడో ఒక్క ముక్క గుర్తులేదు. ఇంకో ఏడాది ఉంటుందో లేదో ఇవాళ మధ్యాహ్నం పన్నెండులోపు చెప్పమంది పెద్ద టీచరమ్మ. తిబో ఆ ఒక్క మాట అడిగి ఉంటే ఎగిరి గంతేసి ఉంటాననేది. అడగలేదు కాబట్టి వెళ్లిపోతానని చెప్పేద్దామనుకుంది.

కానీ ఇప్పుడు సిమోన్ మాట! ఊరందరికీ తెలుసట! రొట్టె చంకన పెట్టుకుని, చినుకుల్లో తడుస్తూ సంతకు పరుగెత్తింది.

"బోంజూర్!"

కోళ్లు ఉలిక్కిపడ్డాయి. తిబో నవ్వలేదు. ఎప్పుడూ బుగ్గకు బుగ్గ ఆనించి పలకరించేవాడు, ఇవాళ బల్ల మీంచి కర్రలా చెయ్యి చాచాడు. "బోంజూర్, మదమొజెల్. మీకేం కావాలి?"

"చెయ్యేంటి? ఈ 'మీరు' ఏంటి? నేనేమైనా పన్ను వసూలుకొచ్చానా?"

"మందుల షాపు వాళ్లకి బుగ్గలున్నాయిగా. అక్కడికెళ్లండి."

"ఒక్క కాఫీ తాగాను, తిబో!"

"నాతో ఉండి ఇంకొకడితో తాగారు."

"నీతో ఉన్నానా? ఎప్పట్నుంచి?"

తిబో కత్తి కింద పెట్టేశాడు. "ఎప్పట్నుంచా? అదిగో ఆ స్తంభం దగ్గర ముద్దు పెట్టుకున్నాం. గుర్తుందా, వానకి అదీ కొట్టుకుపోయిందా?"

"ఆ స్తంభం మీద గీతలతో సహా గుర్తుంది!" హేజెల్ చెవులు ఎర్రబడ్డాయి. "కానీ ఆ తర్వాత నువ్వేం అడగలేదు కదా!"

"ఏం అడగాలి?"

"ఇక మనిద్దరమే కదా అని!"

"ముద్దు పెట్టుకున్నాక అడిగేదేముంది? కడుపునిండా తిన్నాక భోజనం చేస్తావా అని అడుగుతారా?"

"మా ఊళ్లో అడుగుతారు!"

"మామ్మ ఇంటికి ఆదివారం భోజనానికి తీసుకెళ్లానే! ఎవర్ని పడితే వాళ్లని తీసుకెళ్తామా?"

"మేము కుళాయి బాగుచేసే ఆయన్ని కూడా కూర్చోబెట్టి పెడతాం!"

"కుళాయి ఆయన్నా?" వరసలో ముందున్న టోపీ పెద్దాయన గుడ్లు తేలేశాడు. వెనకాల వరస పెరుగుతోంది. ఎప్పుడూ చిల్లర ఆలస్యమైతేనే రుసరుసలాడే జనం, ఇవాళ ఒక్కరూ తొందరపెట్టలేదు. తిబో వెనక స్టూలు మీద మామ్మ ఒడెట్ మాత్రం ఏమీ పట్టనట్టు చీజులకు ఎండాకులు చుడుతోంది.

"పన్నెండులోపు బడిలో చెప్పాలి తిబో, ఉంటానో వెళ్తానో." హేజెల్ రొట్టెను గుండెకు అదుముకుంది. "నువ్వడుగుతావని ఇన్నాళ్లూ చూశాను. అడగలేదు. అందుకే వెళ్లిపోదామనుకున్నా."

తిబో చర్చి గడియారం వంక చూశాడు. బల్ల చుట్టూ తిరిగి వచ్చే ఓపిక లేక, కింద నుంచి దూరి ఇవతల తేలాడు. మోకాళ్లకు బురద, జుట్టులో గడ్డిపరక.

"ఏమనాలి? చెప్పు. అదే అంటాను."

"ముందు గొంతు సవరించుకోవాలి," అంది హేజెల్, ఏడుపూ నవ్వూ కలిసిపోయి.

తిబో గొంతు సవరించుకున్నాడు. వరసలో ఇంకో ఇద్దరు కూడా సవరించుకున్నారు.

"హేజెల్, ఇకమీదట... ఇంతకుముందు కూడా... మనిద్దరమే కదా?"

"అవును!"

ఈసారి పలకరింపు బుగ్గల దగ్గర ఆగలేదు. టోపీ పెద్దాయన చప్పట్లు కొట్టాడు. తిబో భుజం మీంచి తల ఎత్తకుండానే హేజెల్ ఫోను తీసి, "ఉంటున్నానండీ! ఉంటున్నాను!" అని అరిచింది. అవతల పెద్ద టీచరమ్మ చెవి ఏమైందో దేవుడికెరుక.

వరస చివర్నుంచి మదాం పెరశోన్ గొడుగు ముడుస్తూ ముందుకొచ్చింది.

"ఎంతైనా పరాయి దేశపు పిల్ల, మదాం ఒడెట్. పద్ధతులు తెలీవు. మీ బల్ల దగ్గర చీజ్ రెండోసారి అడిగిందట, ఊరంతా అనుకుంటున్నారు. ఆ పిల్లని ఇంటి మనిషంటే మీకు బాగుంటుందా?"

మామ్మ ఒడెట్ చుడుతున్న ఆకు ముడి బిగించి, తలెత్తింది.

"అడిగింది. పెట్టాను. నలభై ఏళ్లుగా నా ఇంట్లో తింటున్నారు, మీకెప్పుడైనా రెండోసారి పెట్టానా?"