ఎవరి చెవులకు హెడ్‌ఫోన్లు

టీవీలో వార్తలు చదువుతున్న అమ్మాయి గొంతు వీధి చివరి కిరాణా దుకాణం దాకా వినబడుతోంది. వికారాబాద్‌లోని ఆ రెండు గదుల ఇంట్లో హన్మమ్మ పొయ్యి మీద చాయ్ పెట్టింది. ఆమె భర్త మత్తయ్య టీవీకి ఎదురుగా ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కన్నార్పకుండా చూస్తున్నాడు. లోపలి గదిలో వాళ్ల కూతురు నిరోషా ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, ఇయర్‌ఫోన్‌ను వేలితో చెవిలోకి నొక్కి పట్టుకుంది.

ఇంట్లోనే కూర్చుని హైదరాబాద్ కంపెనీ కస్టమర్లతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగం. ఈ ఒక్క పరీక్ష దాటితే ఉద్యోగం వచ్చినట్టే. కస్టమర్‌లా నటిస్తూ అవతల మాట్లాడుతున్నది సూపర్‌వైజర్ సింధుజ.

"నిరోషా, మీ ఇంట్లో ఎవరు అరుస్తున్నారు?"

"టీవీ మేడమ్. ఒక్క నిమిషం."

నిరోషా గుమ్మం దగ్గరికి పరుగెత్తింది. "నాయినా, జర ఆవాజ్ తగ్గియ్యి."

మత్తయ్య తల తిప్పలేదు.

"నాయినా, ఫోన్ల ఉన్న. తగ్గియ్యి."

మత్తయ్య టీవీ వైపు ఇంకాస్త వంగాడు. నిరోషా వెనక్కి వచ్చేసరికి సింధుజ ఓపిక అయిపోయింది. "కస్టమర్‌కి మీ ఇంటి వార్తలు వినిపించకూడదు కదమ్మా. శనివారం ఇంకోసారి చూస్తాను. అప్పుడూ ఇలాగే ఉంటే ఇంకొకరిని తీసుకుంటాను." లైన్ కట్ అయింది.

నిరోషా మళ్లీ గుమ్మంలోకి వచ్చింది. తండ్రి వీపు వైపు చూస్తూ, ఇన్నాళ్లూ మింగిన మాటంతా ఒక్కసారే కక్కేసింది. "పిలిచి పిలిచి గొంతు పోయింది. నేను ఫోన్ల మాట్లాడే నౌకరి చేసుడు నీకు ఇష్టం లేదు, గంతే. నేను ఎటన్న పోతే గానీ ఈ టీవీ బంద్ కాదు."

అంత మాట విని కూడా మత్తయ్య కదలలేదు. హన్మమ్మ మాత్రం చాయ్ గిన్నె దింపి గబగబా వచ్చి భర్త ముందు నిలబడింది. చేతి వేళ్లు రెండుసార్లు కిందికి ఆడించింది. తగ్గించు అని. అతను వెంటనే రిమోట్ తీశాడు.

ఆ ఇంట్లో నోటికంటే చేతులే ఎక్కువ మాట్లాడతాయి. మత్తయ్య బతుకంతా తాండూరులో నాపరాయి బండలు పాలిష్ చేసే మిషన్ల దగ్గరే గడిచింది. ఆ హోరులో అరిచినా లాభం లేదు కాబట్టి అక్కడ అందరూ సైగలతోనే పని నడిపేవాళ్లు. ఆ సైగలు అతని వెంట ఇంటికి వచ్చాయి. బొటనవేలు పెదవికి ఆనిస్తే నీళ్లు. ఒక అరచేతి మీద ఇంకో అరచేతిని జార్చి కనుబొమ్మలు ఎగరేస్తే, బండ నున్నగా వచ్చిందా అని. నిరోషా చిన్నప్పుడు పరీక్ష రాసి ఇంటికొస్తే ఆ సైగతోనే అడిగేవాడు. ఆమె కూడా అరచేయి జార్చి, వచ్చింది అనేది.

"ఏమైంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవు?" మత్తయ్య కూతుర్ని అప్పుడే చూసినట్టు అడిగాడు.

అంతా విని ఏమీ తెలియనట్టు అడగడం ఆమెను ఇంకా మండించింది. అయినా ఎదురుగా వచ్చి విషయం చెప్పింది. మత్తయ్య మొహం పాలిపోయింది. కాసేపు ఆలోచించి లేచాడు.

"తాండూరు పోదాం నడువు. డేవిడ్ దుకాణంల పెద్ద హెడ్‌ఫోన్లుంటయి. చెవిని మొత్తం మూసేటియి, వైర్ లేనియి. మా మిషన్ల కాడికి ఇంజనీర్లు వస్తే గసుంటియే పెట్టుకునేటోళ్లు. పిడుగు పడ్డా లోపలికి సప్పుడు రాకపోయేది. అన్నిట్ల మంచిది కొంట నీకు."

"నువ్వు టీవీ ఆవాజ్ తగ్గిస్తే అయిపోయేదానికి గంత దూరం ఎందుకు నాయినా?"

మత్తయ్య అప్పటికే చెప్పులు వేసుకుంటున్నాడు. హన్మమ్మ కూతురి భుజం తట్టింది. "పో బిడ్డ. నీ కోసమే తండ్లాడుతుండు. దుకాణంల ఏదన్న చెప్తే మాత్రం ఎదురుంగ నిలవడి చెప్పు."

ఎదురుగా ఎందుకో నిరోషా అడగలేదు. రైలెక్కాక ఆమె పక్కన సీటు ఖాళీగా ఉన్నా, మత్తయ్య ఎదుటి సీట్లో ఎవరినో జరిపించి మరీ అక్కడ కూర్చున్నాడు. దారంతా ఆమె మొహమే చూస్తూ కూర్చున్నాడు. కోపం తగ్గిందో లేదో చూస్తున్నాడనుకుని ఆమె కిటికీ వైపు తిరిగింది. అప్పుడు అతనూ మాటలు ఆపేశాడు.

డేవిడ్ తండ్రి ఒకప్పుడు మత్తయ్యతో కలిసి బండలు మోసినవాడు. అందుకే వీళ్లను చూడగానే డేవిడ్ ఉన్న రెండు స్టూళ్లూ ముందుకు జరిపి, చాయ్‌కి చెప్పాడు.

"అన్నిట్ల మంచిది తియ్యి కొడుకా. సప్పుడు లోపలికి పోవద్దు."

"మంచిదంటే ఎవరి చెవికి మంచిదో చూడాలె కాకా. ఎవరికి?"

"బిడ్డకు. కానీ ముందుగాల నేను పెట్టుకొని చూస్త. చెవులు మూసుకునే సంగతి నాకు తెల్వదా?"

నిరోషా సంగతంతా చెప్పింది. డేవిడ్ నవ్వాడు. "చెల్లె, గీ ఖరీదుది పెట్టుకుంటే బయటి సప్పుడు నీకు ఇనవడదు. కానీ నీ మైకు టీవీని గుంజుకుంటనే ఉంటది. మూసుకునేది నీ చెవులే, అవతల కస్టమర్ చెవులు కాదు. మైకు మంచిదున్నా కొంతే తగ్గిస్తది."

ఆ మాట చెప్పేటప్పుడు డేవిడ్ వెనక్కి తిరిగి అరలోంచి డబ్బా తీస్తున్నాడు. మత్తయ్య చిరునవ్వుతో తలూపి, "సరే, గదే ఇయ్యి," అన్నాడు.

నిరోషాకు మొదటిసారి ఏదో తట్టింది. తండ్రి బేరం తెలిసిన మనిషి. పనికిరాదని చెప్పిన సరుకును అదే ఇమ్మనడు.

మొదటి జతలో బటన్లు లేవు. పక్కన వేలితో తాకితే పాట మారాలి. ఏళ్ల తరబడి బండ మీద అరిగిన మత్తయ్య వేళ్లను అది గుర్తుపట్టలేదు. రెండో జతకు బటన్లున్నాయి. డేవిడ్ దాన్ని అతని తలకు తగిలించి, ఫోన్లో ఒక వీడియో పెట్టి ముందు నిలబెట్టాడు. మత్తయ్య కాసేపు చూసి మొహం చిట్లించాడు.

"ఇది బాగలేదు కొడుకా. పెదవులు ముందు పోతున్నయి, మాట ఎనక వస్తున్నది."

డేవిడ్ పెట్టుకుని చూశాడు. నిరోషా కూడా చూసింది. చాలాసేపు గమనిస్తే గానీ ఆ చిన్న ఆలస్యం తెలియలేదు. "మస్తు పట్టినవు కాకా. వైర్ లేనియాట్ల గట్ల జర ఎనక పడుతది. కానీ పెదవులు గంత పట్టిపట్టి చూసేది ఎవరు?"

నాయిన పెదవులు ఎందుకు చూస్తున్నాడు? నిరోషా తండ్రి కళ్ల వైపు చూసింది.

"చివరికి ఎడమ కుడి చూద్దాం," అన్నాడు డేవిడ్. "ఏ దిక్కు నుంచి మాట వస్తే ఆ చెయ్యి లేపు కాకా."

కుడి చేయి లేచింది. తర్వాత దిగింది. మళ్లీ కుడి చేయి లేచింది. ఎడమ చేయి తొడ మీద అలాగే ఉండిపోయింది. డేవిడ్ ఆ జత చెడిపోయిందనుకుని కొత్త డబ్బా విప్పాడు. ఆ కొత్తదాంతోనూ ఎడమ చేయి లేవలేదు. నిరోషా దాన్ని తీసి తన చెవులకు పెట్టుకుంది. ఎడమవైపు మాట అద్దంలా స్పష్టంగా ఉంది.

ఆమె హెడ్‌ఫోన్లు మెల్లగా బల్ల మీద పెట్టి, తండ్రి వెనక్కి నడిచింది. ఎడమ భుజం దగ్గర నిలబడి, మామూలు గొంతుతో పిలిచింది. "నాయినా."

అతను బల్ల అద్దం కింద వస్తువులు చూస్తున్నాడు.

ఏ మాట చెవిన పడితే తండ్రి తప్పకుండా తిరుగుతాడో ఆమెకు తెలుసు. "నాయినా, నేనీ నౌకరి చెయ్య. మానేస్తున్న."

మత్తయ్య ఒక చార్జర్ చూపించి డేవిడ్‌ను ధర అడిగాడు. డేవిడ్ నిరోషా వైపు చూశాడు. అతని మొహం మారడం చూశాకే మత్తయ్య వెనక్కి తిరిగాడు. కూతురు ఏడుస్తోంది.

"ఏమైంది బిడ్డా? నచ్చలేదా?"

నిరోషా కళ్లు తుడుచుకుని, ఎదురుగా వచ్చి, మెల్లగా చెప్పింది. "ఇయ్యాల వద్దు నాయినా. ఇంటికి పోదాం."

ఇంటికి చేరేసరికి హన్మమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. నిరోషా బ్యాగు కూడా దింపలేదు. "అమ్మా, నాయినకు ఎడమ చెవి ఎప్పటిసంది ఇనవడ్తలేదు?"

హన్మమ్మ వేళ్లు బియ్యంలోనే ఆగిపోయాయి.

"అంటే నీకు తెలుసు."

"నాకు తెల్వకుంటే ఎవరికి తెలుస్తది?" హన్మమ్మ గొంతు తగ్గించింది, అవసరం లేకపోయినా. "ఎడమది ఎన్నడో పోయింది. కుడిది కూడా జర తగ్గింది. సినిమాలంటే పానమిచ్చే మనిషి వార్తలకు ఎందుకు అలవాటు పడ్డడనుకున్నవు? వార్తలు చదివే పిల్ల ఎదురుంగ కూసుంటది. పెదవులు కనవడ్తయి."

"మరి నాకెందుకు చెప్పలే? ఒకే ఇంట్ల ఉండి నాకు తెల్వకపాయె."

"మనింట్ల సగం మాట సైగలే కదనే. ఎట్ల తెలుస్తది?"

నిరోషా తండ్రి ముందు కింద కూర్చుంది. అతను ఇద్దరి మొహాలూ చూసి, గుట్టు బయటపడిందని తెలుసుకుని, చిన్నపిల్లాడిలా తల దించుకున్నాడు. ఆమె అతని గడ్డం పట్టి పైకెత్తింది. వినాలంటే అతను చూడాలి మరి.

"ఎందుకు దాచినవు నాయినా?"

"పోయినేడు మీ అమ్మకు ఆపరేషన్ అయితే, వచ్చిన కొలువు ఇడిసిపెట్టి ఇంట్ల కూసున్నవు. ఇప్పుడు నా చెవుల ముచ్చట చెప్తే, నాయినను ఎవరు చూసుకుంటరని మళ్ల అన్నీ ఇడుస్తవు. నీకు నౌకరి వచ్చినంక చెప్దామనుకున్న. టీవీ ఆవాజ్ గంత ఉన్నదని నాకేం తెలుసు బిడ్డా? నాకైతే మెల్లగనే ఇనవడుతది."

కూతురి కొలువు నిలబడాలని తాను దాచిన సంగతే దాన్ని కూలగొట్టబోయిందని అతనికి అప్పుడే అర్థమైంది. రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. నిరోషా ఆ చేతులు తీసేసింది.

"పొద్దున నీ ఎనక నిలవడి ఒక మాటన్న నాయినా. నేను ఎటన్న పోతే గానీ టీవీ బంద్ కాదని. విని ఊకున్నవనుకున్న."

మత్తయ్య ఆమె పెదవులను శ్రద్ధగా చదివాడు. తర్వాత నవ్వాడు. "మిషన్ కాడ మేస్త్రీలు నన్ను ఎన్ని తిట్టిండ్రో. ఒక్కటి ఇనవడలే. చెవులు పోయిందాంట్ల గదొక్క లాభం. ఆ మాట గూడ ఆ లెక్కల్నే పోనియ్యి."

హన్మమ్మ కొంగుతో కళ్లద్దుకుంటూ, "లాభమంట," అని గొణిగింది. అది కూడా అతనికి వినబడలేదు. ముగ్గురూ నవ్వారు, అతను వాళ్లను చూసి నవ్వాడు.

మర్నాడు వికారాబాద్‌లో చెవి డాక్టరు చూసి, ఎడమ చెవి వినికిడి తిరిగి రాదన్నాడు. కుడి చెవిని కాపాడుకోవచ్చు. ఆ చెవిలో చీము ఉంది కాబట్టి అది మానేదాకా లోపల ఏదీ దూర్చకూడదు, ఆ తర్వాత వినికిడి మిషన్ పెడదామన్నాడు. అప్పటిదాకా టీవీకి చెవి మీద బయట కూర్చునే హెడ్‌ఫోన్లు వాడుకోవచ్చు, శబ్దం మాత్రం తక్కువే ఉండాలి.

నిరోషా ఆసుపత్రి మెట్ల మీద నుంచే డేవిడ్‌కు ఫోన్ చేసింది. "అన్నా, నాకు కాదు, నాయినకు. తాకేది వద్దు, గట్టి బటన్లుండాలె. మాట పెదవులెనక పడొద్దు. చెవి లోపలికి పోవద్దు. తేలికగ ఉండాలె."

సాయంత్రం రైలుకు డేవిడ్ స్వయంగా వచ్చాడు. టీవీ వెనక ఒక చిన్న డబ్బీ గుచ్చి దానితో హెడ్‌ఫోన్లను కలిపాడు. దాంతో పెదవులూ మాటా ఒక్కసారే నడిచాయి. రెండు వైపుల శబ్దమూ కుడి చెవికే వచ్చేలా మార్చాడు. శబ్దానికి గీత గీసినట్టు ఒక హద్దు పెట్టాడు, ఎంత నొక్కినా అంతకు మించి పెరగదు.

"ఖరీదుదాన్ని వద్దని గిది తీస్కున్నరు, దుకాణం నడుపుడు కష్టమే," అన్నాడు డేవిడ్.

"అన్నం తిని పోరా, దుకాణం నడుస్తది," అంది హన్మమ్మ.

శనివారం పొద్దున నిరోషా పాత ఇయర్‌ఫోన్‌తోనే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. హన్మమ్మ కుక్కర్ పెట్టడం మానేసి మామూలు గిన్నెలో అన్నం వండింది. ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే గోడ గడియారం చప్పుడు వినబడుతోంది.

కాల్ అయిపోయాక సింధుజ అడిగింది. "ఇల్లు మారారా నిరోషా?"

"లేదు మేడమ్. గదే ఇల్లు."

"సోమవారం నుంచి చేరండి."

నిరోషా థాంక్స్ చెప్పింది. లేచి గుమ్మం వైపు చూసింది. ముందు గదిలో టీవీ నడుస్తోంది, వార్తలు చదివే అమ్మాయి పెదవులు కదులుతున్నాయి. కానీ ఆమెను ఎవరూ చూడడం లేదు. మత్తయ్య తలకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీని పూర్తిగా ఇటు తిప్పుకుని కూర్చున్నాడు. కూతుర్ని చూసి అరచేతి మీద అరచేయి జార్చి, కనుబొమ్మలు ఎగరేశాడు.

బండ నున్నగా వచ్చిందా?

నిరోషా అరచేయి జార్చింది. తర్వాత అతని ముందుకు వచ్చి కూర్చుని, కుడి వైపు హెడ్‌ఫోన్ కొద్దిగా జరిపి, చెవి దగ్గర చెప్పింది. "వచ్చింది నాయినా. సోమవారం నుంచి."

"ఆ మేడమ్ ఏమన్నదో నాకు తెల్వదు," అన్నాడు మత్తయ్య, కళ్లు తుడుచుకోకుండానే. "కానీ నువ్వు ఎంత మంచిగ మాట్లాడినవో, మొదటి మాట కాడి నుంచి మొత్తం చూసిన."